గోధ నుండి ఆర్మ్‌గార్డ్ వరకు: విలువిద్యలో చేతిరక్షణ సాధనాలు – తయారీ, ప్రయోజనం

వ్యాససంగ్రహం

విలువిద్యను అభ్యసించేవారికి ముంజేతిపై అల్లెతాటి దెబ్బ, వేళ్ళపై తాటి ఒరిపిడి, భుజంపై విల్లు బరువు అనే మూడు రకాల బాధలు కలుగుతాయి. వీటిలో మొదటి రెండింటిని నివారించే సాధనాలకు వైదిక వాఙ్మయం నుండి ప్రత్యేకమైన పేర్లున్నాయి. అదే వాఙ్మయ సంప్రదాయంలో అల్లెతాటి మచ్చ వీరలక్షణంగానూ వర్ణించబడింది. మచ్చను పొగిడిన సాహిత్యమే మచ్చ పడకుండా కాపాడే కవచాన్ని వీరుని అలంకారాలలో చేర్చిందన్న విషయాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది. చేతి కొలతలకు తగినట్లుగా ముంజేతి కవచాన్ని, వేళ్ళ పట్టీని, విల్లు పిడిని తయారుచేసుకొనే విధానాన్ని వివరిస్తూ, సాధనంతో తీరని బాధ ఎక్కడ మొదలవుతుందో గుర్తించడం దీని ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: విలువిద్య, హస్తఘ్నం, గోధ, అంగుళిత్రాణం, కిణాంకం, ఆర్మ్‌గార్డ్, ఫింగర్ ట్యాబ్.

1. ఉపోద్ఘాతం

విలువిద్య ఒకప్పుడు యుద్ధవిద్య, వేటవిద్య. నేడు అది అంతర్జాతీయ క్రీడ. ఒలింపిక్ పోటీలలో రికర్వ్ విల్లుతో 70 మీటర్ల దూరంలోని 122 సెంటీమీటర్ల వ్యాసం గల లక్ష్యాన్ని కొట్టాలి. అర్హతా వరుసను నిర్ణయించే తొలి దశలో ఒక్కొక్కరు 72 బాణాలు వేస్తారు. 40 పౌండ్ల విల్లును లాగడమంటే సుమారు 18 కిలోల బరువును మూడు వేళ్ళతో లాగి నిలపడం. 72 బాణాలకు ఆ బరువు మొత్తం దాదాపు 1300 కిలోలు అవుతుంది. ఇది ఒక పోటీలోని ఒక దశకు సంబంధించిన లెక్క మాత్రమే. నిత్యసాధనలో వేసే బాణాల సంఖ్య ఇంతకంటే ఎక్కువగానే ఉంటుంది.

తెలుగు నేలకు ఈ క్రీడతో గట్టి సంబంధమే ఉంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు సాధించారు. అదే ప్రాంతానికి చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి రికర్వ్ మిశ్రమ జట్టు విభాగంలో నాలుగో స్థానంలో నిలిచారు. ఇటువంటి విజయాలను చూసి పిల్లలు విల్లు పట్టుకోవడానికి ముందుకు వస్తారు. కొత్తగా విల్లు పట్టినవారికి మొదట ఎదురయ్యేది ముంజేతి మీద ఎర్రగా తేలే తాటి చార. దానిని ఓర్చుకోవడమే సాధన అనుకోవాలా, లేక నివారించుకోవడం కూడా సాధనలో భాగమేనా అన్న ప్రశ్నకు సమాధానం ప్రాచీన వాఙ్మయంలోనూ, సాధనాల తయారీలోనూ లభిస్తుంది.

2. ప్రాచీన వాఙ్మయంలో చేతిరక్షణ సాధనాలు

2.1 హస్తఘ్నం

ఋగ్వేదం ఆరవ మండలంలోని 75వ సూక్తం యుద్ధసాధనాలను స్తుతిస్తుంది. కవచం, విల్లు, అల్లెతాడు, అమ్ములపొది, రథం మొదలైనవాటితో పాటు ‘హస్తఘ్నం’ అనే సాధనాన్ని కూడా 14వ ఋక్కు పేర్కొంటుంది. పాము తన చుట్టలతో చుట్టుకొన్నట్లు అది చేతిని చుట్టుకొని, అల్లెతాటి దెబ్బ నుండి కాపాడుతుందని ఆ ఋక్కు భావం. ఈ పోలికను బట్టి పొడవైన పట్టీని ముంజేతికి పలు చుట్లుగా చుట్టి ఉంటారని ఊహించడానికి అవకాశం ఉంది. విల్లుకు, రథానికి సమానంగా ఒక చేతి కట్టును స్తోత్రార్హంగా భావించడం గమనార్హం.

2.2 గోధ, తలం, అంగుళిత్రాణం

అమరకోశం ద్వితీయకాండంలోని క్షత్రియవర్గం ‘గోధ’, ‘తలం’ అనే పదాలకు ‘జ్యాఘాతవారణం’ అనే అర్థాన్ని చెబుతుంది. ‘జ్య’ అంటే అల్లెతాడు. దాని దెబ్బను వారించేది జ్యాఘాతవారణం. సాధనం చేసే పనే దానికి నిర్వచనమైంది. ‘గోధ’ శబ్దానికి ఉడుము అనే అర్థం కూడా ఉండటం వల్ల, ఉడుము చర్మంతో ఈ కవచాన్ని చేసేవారని భావించడానికి ఆధారం ఏర్పడుతున్నది. నేడు ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జీవి. కాబట్టి ఆ పేరు నిఘంటువులో మిగలవలసిందే గాని ఆ చర్మం వాడుకలోకి రాకూడదు.

వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుని వెంట బయలుదేరిన రామలక్ష్మణులు గోధను, అంగుళిత్రాణాన్ని కట్టుకొని, ఖడ్గాలు ధరించి ఉన్నట్లు వర్ణన ఉంది. అప్పటికి రామునికి పదహారేళ్ళు నిండలేదని దశరథుడే అంటాడు. యజ్ఞరక్షణకు తొలిసారిగా వెళ్తున్న బాలురకు విల్లుతో పాటు ముంజేతికి ఒక కట్టు, వేళ్ళకు ఒక తొడుగు సిద్ధంగా ఉన్నాయన్నమాట. చేతికి రక్షణ కల్పించుకోవడం బలహీనతకు గుర్తు అని ఆదికవి భావించలేదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

2.3 కిణాంకం

‘కిణం’ అంటే ఒరిపిడి వల్ల చర్మం గట్టిపడి ఏర్పడే కాయ. ‘చేతులు కాయలు కాచాయి’ అనే తెలుగు పలుకుబడి కాయకష్టాన్ని సూచిస్తుంది. సంస్కృత సాహిత్యంలో అల్లెతాటి కిణం పరాక్రమాన్ని సూచిస్తుంది. అభిజ్ఞానశాకుంతలం మొదటి అంకంలో వైఖానసుడు దుష్యంతుని చేతిని అల్లెతాటి మచ్చ గుర్తుగా గలదిగా పేర్కొంటూ, ఆ చేయి ఎంతగా రక్షణ కల్పిస్తున్నదో ఆశ్రమంలో తెలుసుకోవచ్చునంటాడు. ఇక్కడ మచ్చ రాజధర్మానికి చిహ్నమైంది.

మహాభారతం విరాటపర్వంలో ఇదే మచ్చ చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగులో ఈ పర్వాన్ని రచించినవాడు తిక్కన. అజ్ఞాతవాసానికి సిద్ధమవుతున్న అర్జునుడు తన రెండు చేతులపై ఉన్న అల్లెతాటి కాయలను దాచడం కష్టమని గుర్తించి, వాటిని గాజులతో కప్పుకొని బృహన్నలగా ఉండాలని నిశ్చయించుకొంటాడు. సవ్యసాచి కాబట్టి మచ్చలు రెండు చేతులకూ ఉన్నాయి. వీరుని గుర్తింపు ముఖంలో కన్నా ముంజేతిలోనే ఎక్కువగా ఉందన్న సూచన ఇందులో ఉంది.

ఆదిపర్వంలోని ఏకలవ్యుని వృత్తాంతం వేలి ప్రాధాన్యాన్ని తెలుపుతుంది. బొటనవేలు పోయాక అతడు మిగిలిన వేళ్ళతో బాణం వేశాడని, కాని మునుపటి వేగం రాలేదని మహాభారతం చెబుతుంది. బొటనవేలితో తాడు లాగే పద్ధతి అప్పటికి ప్రధానంగా ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది. ఆ పద్ధతి చాలా కాలం కొనసాగింది. మొగలుల కాలంలో బొటనవేలికి రాతి ఉంగరాలు తొడిగేవారు. షాజహాన్ బిరుదు చెక్కిన అటువంటి ఉంగరం హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నది. రాతి ఉంగరం సాగదు, ముడుచుకోదు. కనుక తొడిగేవాని వేలి కొలతకు సరిపోయేటట్లు చేస్తేనే అది పనికివస్తుంది.

పై ఉదాహరణలను కలిపి చూస్తే, మచ్చ సుదీర్ఘ సాధన మిగిల్చిన ఫలం అనీ, కవచం ఆ సాధన నిరాటంకంగా సాగడానికి చేసుకొన్న ఏర్పాటు అనీ గ్రహించవచ్చు. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. మచ్చను మాత్రమే గుర్తుంచుకొని గోధను మరచిపోవడం ఆ వాఙ్మయాన్ని సగమే చదవడం అవుతుంది.

3. బాధకు కారణాలు

సాధనాన్ని తయారుచేసే ముందు బాధ ఎక్కడ, ఎందుకు కలుగుతున్నదో నిర్ణయించాలి. కారణం తెలియకుండా చేసిన కవచం బాధను కప్పిపెడుతుందే తప్ప తీర్చదు.

3.1 ముంజేతిపై తాటి దెబ్బ: కుడిచేతితో తాడు లాగేవారికి ఎడమ ముంజేతి లోపలి వైపున దెబ్బ తగులుతుంది. మోచేయి మొన నేలవైపు ఉండి, ముంజేతి కండ తాటి దారికి అడ్డురావడం దీనికి ప్రధాన కారణం. మోచేయి సహజ పరిమితికి మించి వెనక్కి వంగే శరీరతత్త్వం ఉన్నవారిలో ఇది ఎక్కువ. భుజాన్ని కదల్చకుండా మోచేయి మొనను పక్కకు తిప్పితే తాటికి దారి ఏర్పడుతుంది. తాడెక్కించిన విల్లులో పిడికి, తాటికి మధ్యనుండే దూరాన్ని బ్రేస్ హైట్ అంటారు. అది తగ్గితే తాడు చేతికి మరింత దగ్గరగా వచ్చి ఆగుతుంది. వదులైన చొక్కా చేతులు కూడా తాటికి అడ్డుపడతాయి.

3.2 వేళ్ళపై ఒత్తిడి: రికర్వ్ విల్లులో చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళతో తాడు లాగుతారు. వేలికి ఇరువైపులా నరాలు ఉంటాయి. తాటి ఒత్తిడి రోజుల తరబడి ఒకే చోట పడితే తిమ్మిరి కలుగుతుంది. బాణం మడమ చూపుడు, నడిమి వేళ్ళ మధ్య నలిగితే అక్కడ చర్మం కందిపోయి కాయ కాస్తుంది.

3.3 కండరాలు, కీళ్ళపై భారం: శక్తికి మించిన విల్లును లాగేవారు వీపు కండరాలతో కాక భుజంతోనూ, ముంజేతితోనూ లాగుతారు. విల్లు చేతిలోనుండి జారిపోతుందనే భయంతో పిడిని గట్టిగా బిగించి పట్టుకోవడం మోచేతి బాధకు దారితీస్తుంది. ఇది తోలు కవచంతో తీరే బాధ కాదు.

4. కొలతకు తగిన సాధనాల తయారీ

4.1 ముంజేతి కవచం

ముందుగా దెబ్బ తగిలే చోటును గుర్తించాలి. చేతికి పాత కవచాన్నిగాని, మందపాటి గుడ్డనుగాని చుట్టి, తాటికి సుద్దపొడి పూసి, దగ్గరి లక్ష్యంపై నాలుగైదు బాణాలు వేస్తే గుడ్డమీద తెల్లని చార పడుతుంది. ఆ చార పొడవు, వంపు కవచానికి ఆధారాలు. అంగడిలో దొరికే కవచం సగటు చేతికి చేసింది. సన్నని చేతులున్న బాలికకు అది చుట్టూ తిరిగిపోతుంది. కండపుష్టి గల చేతికి అదే బిగుతై నరాలను నొక్కుతుంది.

కొలతలు తీసుకొనేటప్పుడు చేయి వదులుగా వేలాడకూడదు. విల్లు లాగిన భంగిమలో ముంజేతి కండ ఉబ్బుతుంది, దాని ఆకారం మారుతుంది. అందువల్ల ఆ భంగిమలోనే మణికట్టుకు పైన, మోచేతి మడతకు కింద చుట్టుకొలతలు తీయాలి. మణికట్టుకు రెండు వేళ్ళ ఎడంలో మొదలై, మోచేతి మడతకు రెండు మూడు వేళ్ళ ముందే కవచం ముగియాలి. ఈ కొలతలతో దళసరి కాగితాన్ని కత్తిరించి, చేతికి చుట్టి, లాగుడు భంగిమలో సరిచూసిన తరువాతే తోలుపై గీత గీయాలి.

రెండున్నర నుండి మూడు మిల్లీమీటర్ల మందం గల ఆవుతోలుగాని గేదెతోలుగాని ఇందుకు అనుకూలం. చెట్టుబెరడు మొదలైనవాటితో పదును చేసిన తోలు తడిపితే మెత్తబడి, ఆరిన తరువాత ఇచ్చిన ఆకారాన్ని నిలుపుకొంటుంది. నున్నటి వైపు బయటకు ఉండాలి. కత్తిరించిన ముక్కను నీటిలో తడిపి, చేతికి పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, దానిపై తోలును ఒత్తి వంపు తీసుకురావాలి. తరువాత నీడన ఆరబెట్టాలి. ఎండలో ఆరిన తోలు బిరుసెక్కి పగులుతుంది. అంచులను చెక్కి నున్నగా రుద్ది, లోపలివైపు మెత్తని నూలుగుడ్డగాని గొఱ్ఱెతోలుగాని అతికించాలి. పట్టీలకు ఆరెతో రంధ్రాలు చేసి, సాగే పట్టీలను కుట్టాలి. కుట్లు, బకిళ్ళు, ముడులు అన్నీ తాడు తగలని వెలుపలి వైపే ఉండాలి. లోపలివైపు ఏ చిన్న అంచు లేచి ఉన్నా తాడు దానికి తట్టుకొని బాణం దారి తప్పుతుంది.

‘ఉడుముపట్టు’ అనే నానుడి గోధ శబ్దాన్ని గుర్తుచేస్తుంది. కవచం జారిపోకుండా ఉండాలి, కాని ఉడుముపట్టు పట్టకూడదు. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి. చేయి చల్లబడినా, వేళ్ళలో చీమలు పాకినట్లు అనిపించినా పట్టీని వదులు చేయాలి. దళసరిగా ఉంటే రక్షణ ఎక్కువ అనే భావన కూడా సరికాదు. అవసరానికి మించిన మందం తాటికి అడ్డుపడి కొత్త దెబ్బను తెచ్చిపెడుతుంది.

4.2 వేళ్ళ పట్టీ

ప్రాచీన అంగుళిత్రాణం చేసిన పనిని నేడు ఫింగర్ ట్యాబ్ చేస్తున్నది. దీనికి సాధారణంగా రెండు పొరలు ఉంటాయి. తాటికి తగిలే పొర నున్నగా ఉండాలి. గుర్రపు తోలుతో చేసే కార్డోవన్ ఇందుకు ప్రసిద్ధం. వేళ్ళకు తగిలే పొర కాస్త మెత్తగా ఉండాలి. మూడు వేళ్ళను తాడు పట్టిన విధంగా మొదటి కణుపు దగ్గర వంచి, కాగితంపై ఆ ఆకారాన్ని గీసుకోవాలి. చూపుడు, నడిమి వేళ్ళ మధ్య బాణం మడమకు చీలిక వదలాలి. ఆ చీలిక వద్ద మడమ వెడల్పుకన్నా కొంచెం ఎక్కువ మందం గల చిన్న దిమ్మను అమర్చితే వేళ్ళు బాణాన్ని నొక్కవు. పట్టీ నిలవడానికి నడిమి వేలికి ఒక ఉచ్చు చాలు.

పట్టీని ఎల్లప్పుడూ కొంచెం పెద్దదిగానే కత్తిరించి, బాణాలు వేస్తూ అంచును కొద్దికొద్దిగా తగ్గించాలి. కోసిన తోలును మళ్ళీ అతికించలేము. వేలికొసల కన్నా బాగా పొడవుగా ఉన్న పట్టీ తాటి చుట్టూ మడతపడి వదలడాన్ని ఆలస్యం చేస్తుంది. మందం విషయంలో రెండు ప్రయోజనాలు ఒకదానినొకటి వ్యతిరేకిస్తాయి. మందం పెరిగితే నొప్పి తగ్గుతుంది, తాటి స్పర్శ కూడా తగ్గుతుంది. స్పర్శ పోతే వదిలే క్షణంపై అదుపు పోతుంది. అందువల్ల తిమ్మిరి కలగని కనీస మందమే సరైన మందం. కోస్తా ప్రాంతపు ఉక్కలో తోలు చెమటను పీల్చుకొని, ఆరాక గట్టిపడుతుంది. కాబట్టి కొంతకాలం వాడి మెత్తబరచిన రెండో పట్టీ చేతిలో ఉండటం అవసరం.

4.3 పిడి, వేలితాడు

విల్లు పిడి అరచేతికి సరిపడకపోతే మణికట్టు వంగి, ముంజేయి బిగుసుకొంటుంది. విల్లు ఒత్తిడి బొటనవేలి మొదలులోని కండపై పడాలి. ఎక్కువైన చోట చెక్కపిడిని ఆకురాయితో అరగదీయడం, తక్కువైన చోట ఎపాక్సీ ముద్దను పెట్టి అరచేతితో ఒత్తి ఆకారం తేవడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతులు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య కట్టే చిన్న తాడు మరింత సులభమైన సాధనం. బూటు లేసుతో దీనిని చేసుకోవచ్చు. బాణం వదిలాక విల్లు కిందపడకుండా ఈ తాడు ఆపుతుంది. ఆ ధైర్యంతో పిడికిలి వదులవుతుంది, ముంజేతి శ్రమ తగ్గుతుంది. తయారీకి దాదాపు ఖర్చులేని ఈ సాధనం కొందరి విషయంలో ఖరీదైన కవచం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

4.4 నియమాలు

సొంతంగా చేసుకొన్న సాధనం పోటీ నియమాలకు లోబడి ఉండాలి. ప్రపంచ విలువిద్యా సమాఖ్య నియమాల ప్రకారం రికర్వ్ విభాగంలో ముంజేతి కవచం, వేళ్ళ పట్టీ, తొడుగు, వేళ్ళ మధ్య దిమ్మ అనుమతించబడతాయి. అయితే తాడును పట్టుకోవడానికి, లాగడానికి, వదలడానికి సాయపడే యంత్రభాగం ఏదీ వాటిలో ఉండరాదు. కాంపౌండ్ విభాగంలో తాడు వదిలే ప్రత్యేక సాధనాన్ని వాడవచ్చు కనుక అక్కడ వేళ్ళ ఒరిపిడి సమస్య స్వరూపమే వేరు.

5. సాధనం శరీరాన్ని అనుసరించడం

సాధనం శరీరానికి తగినట్లు ఉండాలనే సూత్రానికి పరమోదాహరణ జమ్మూకాశ్మీర్‌లోని కిష్త్వార్ జిల్లాకు చెందిన శీతల్ దేవి. పుట్టుకతోనే చేతులు లేని ఆమె కుడి పాదంతో విల్లును నిలిపి, భుజానికి కట్టిన సాధనంతో తాడును లాగి, దవడ కదలికతో బాణం వదులుతారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కాంపౌండ్ మిశ్రమ జట్టు విభాగంలో కాంస్యం సాధించారు. పాదాలతో విల్లు పట్టే అమెరికా క్రీడాకారుడు మాట్ స్టట్జ్‌మన్ 2012 లండన్‌లో రజతాన్ని, 2024 పారిస్‌లో స్వర్ణాన్ని గెలుచుకొన్నారు.

వీరి సాధనాలు ఏ అంగడిలోనూ సిద్ధంగా దొరికేవి కావు. వారి వారి శరీరాలను పరిశీలించి, ప్రయత్నించి, సవరించి రూపొందించుకొన్నవి. చేతులున్నవారి విషయంలో తేడా మిల్లీమీటర్లలో ఉంటుంది గనుక దానిని ఉపేక్షించడం తేలిక. ఈ ఇద్దరి విషయంలో ఆ అవసరం కంటికి కనిపించేంత పెద్దది. సూత్రం మాత్రం ఒక్కటే.

6. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• హస్తఘ్నం, గోధ, తలం, అంగుళిత్రాణం అనే పదాలు చేతిరక్షణ విలువిద్యలో మొదటినుండీ అంతర్భాగమేనని నిరూపిస్తున్నాయి. ఆర్మ్‌గార్డ్, ట్యాబ్ అనే పదాలు వాడుకలో ఉన్నప్పటికీ, బోధనలో ఈ పదాలను పరిచయం చేయడం వల్ల విద్యార్థికి సాహిత్యమూ, క్రీడా రెండూ దగ్గరవుతాయి.

• కిణాంకాన్ని కీర్తించిన సాహిత్యం గాయాన్ని ఆశించమని చెప్పలేదు. బాలరాముని చేతికి గోధను కట్టిన సంప్రదాయం నేటి శిక్షణార్థి చేతికి కవచం కట్టడానికి అడ్డు కాజాలదు.

• కవచాన్ని లాగుడు భంగిమలో తీసిన కొలతలతో, దెబ్బ తగిలే చోటును గుర్తించి చేయాలి. కనీస మందం, నున్నటి అంచు, వదులైన కట్టు అనే మూడూ దాని లక్షణాలు.

• తాటి చారకు కవచం, వేలి తిమ్మిరికి పట్టీ, బిగిసిన పిడికిలికి వేలితాడు పరిష్కారాలు. కవచం కట్టిన తరువాత కూడా తాడు పదే పదే దానికే తగులుతుంటే సరిదిద్దవలసింది మోచేతి భంగిమను. విల్లు దించిన తరువాత కూడా భుజంలోనో మోచేతిలోనో నొప్పి నిలిచి ఉంటే తగ్గించవలసింది విల్లు బరువును, సంప్రదించవలసింది వైద్యుని.

అర్జునుడు తన కాయలను దాచడానికి గాజులు వెదకవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి చేసిన సాధన ఆ కాయలలో ఉంది. మొదటి నెలలోనే ముంజేయి కమిలి విల్లు విడిచిపెట్టిన విద్యార్థికి అంత సాధన చేసే అవకాశమే ఉండదు. ఆ అవకాశాన్ని నిలిపి ఉంచడమే చేతిరక్షణ సాధనానికి గల అసలు ప్రయోజనం.